దూది తూకం

జూన్ 12

నా భార్య పోయి నెల దాటింది. కష్టకాలంలో మనిషి దినచర్య రాసుకోవాలని, దానివల్ల మనస్సు అదుపు తప్పకుండా ఉంటుందని రాత్రి బడిలో వ్యాసరచన నేర్పిన మాస్టారు చెప్పేవారు. పట్టా పుచ్చుకున్న ఇన్నేళ్ళకు ఆ సలహా పాటిస్తున్నాను. ఇది నేను తప్ప మరొకరు చదవవలసినది కాదు.

ముందుగా నా స్థితి. నేను బాగానే ఉన్నాను. భోజనం సహిస్తున్నది, నిద్ర పడుతున్నది. కొట్టు తెరిచి కాటాల మరమ్మతు మళ్ళీ మొదలుపెట్టాను. పరామర్శకు వచ్చిన బంధువులు వంటగదిలో చేరి, ఈయన కంట నీటి చుక్క రాలేదేమిటని గుసగుసలాడుకున్నారని తెలిసింది. కొందరి నిర్మాణమే దృఢంగా ఉంటుంది. అది వారికెలా అర్థమవుతుంది? మొదటి వారంలో మాత్రం కొంత నీరసపడ్డానేమో. స్పష్టంగా గుర్తులేదు.

నా దిగులంతా అమ్మాయి గురించే. పదహారేళ్ళ పిల్ల. పుట్టిన కొత్తలో త్రాసు సిబ్బెలో పడుకోబెడితే ముల్లు కదిలీ కదలనట్టు కదిలింది. వాళ్ళమ్మ నవ్వి "దీనికంటే దూది నయం" అన్నది. అప్పటి నుంచి ఇంట్లో దాని పేరు దూది. ఇప్పుడది ఏడవదు, ఎక్కువ మాట్లాడదు. రోజూ ఉదయం నేను కొట్టు షట్టరు ఎత్తబోయే ముందు వచ్చి నా భుజం మీద చేయి వేసి కాసేపు నిలబడుతుంది. అది వాళ్ళమ్మ అలవాటు. పాపం, పిల్లకు ఆసరా కావాలి. అది ఆనుకోవడానికైనా నేను గోడలా నిలబడాలి. నిలబడుతున్నాను.

జూన్ 13

పని బాగా జరిగింది.

జూన్ 19

మా కొట్టులో ఒక పద్ధతి ఉంది. మరమ్మతు అయిన ప్రతి కాటానూ తూనికరాళ్ళతో పరీక్షించిన తర్వాత, చివరగా దూది దాని మీద నిలబడాలి. ఈ పద్ధతి పెట్టింది నా భార్య. రాయి కదలదు గనుక కాటా దాని దగ్గర బుద్ధిగా ఉంటుందనీ, ఊపిరి పీల్చే మనిషి ఎక్కితేనే దాని గుణం బయటపడుతుందనీ ఆమె వాదించేది. ఆలోచిస్తే అందులో శాస్త్రం ఉంది. దూది బరువు మాకు కంఠతా వచ్చును. అది నిలబడనిదే ఏ కాటా నా గడప దాటలేదు.

ఈ రోజు పాత కాగితాల షావుకారు కాటా పూర్తయింది. రాళ్ళకు సరిగ్గానే చూపింది. దూది ఎక్కేసరికి ముల్లు దాని బరువు దాటి ఇంకా ముందుకు పోయింది. దించి మళ్ళీ ఎక్కించాను. అదే తీరు. పిల్ల చూస్తే దవడలు పీక్కుపోయి ఉన్నది, బరువెక్కే ప్రసక్తే లేదు. లోపల స్ప్రింగు మొరాయిస్తున్నదని నిర్ణయించి, ముల్లు దూది అసలు బరువు మీద నిలిచేదాకా సవరించాను. షావుకారు బండి గుమ్మంలో తొందరపెడుతున్నందున రాళ్ళతో మరొకసారి చూడలేదు. అవసరమూ అనిపించలేదు. రాళ్ళ కంటే నాకు దూది మీదే నమ్మకం ఎక్కువ.

జూన్ 23

నా వృత్తి జీవితంలో మొదటి ఫిర్యాదు.

షావుకారు కాటాను బండి మీద వేసుకుని తిరిగి వచ్చాడు. చదువుకున్నానని వీధిలో నన్ను వెక్కిరింతగా బియ్యే గారు అంటారు. అతడూ అలాగే పిలిచాడు.

"బియ్యే గారూ, మీ కాటా నా కాగితాలకి ఉపవాసం పెట్టింది. మిల్లులో తూస్తే ఒకటి, నా దగ్గర తూస్తే అంతకంటే తక్కువ."

తక్కువ చూపితే కొనేవాడికి లాభమే కదా అని పక్కనున్న బండివాడు నవ్వాడు. షావుకారు నవ్వలేదు.

"గుమ్మం గుమ్మం ఎక్కి కొనేవాణ్ణయ్యా. దొంగ కాటా అన్న మాట ఒక్క గుమ్మంలో పుడితే వీధంతా పాకుద్ది. బియ్యే గారు చేతులారా నన్ను దొంగని చేశారు."

నా ముఖం మాడిపోయింది. అతడి ముందే రాళ్ళు పెట్టాను. అతడన్నదే నిజం. స్ప్రింగును మొదటి స్థితికి తెచ్చి, క్షమాపణ చెప్పి పంపాను. ఆపైన కొట్టులో ఉన్న మిగతా కాటాలన్నిటి మీదా దూదిని ఎక్కించాను. ఏ కాటాకూ భేదాభిప్రాయం లేదు. ఎముకల గూడులా ఉన్న నా కూతురు మునుపటి కంటే బియ్యపు మూట ఒకటి చంకన పెట్టుకున్నంత బరువున్నది.

అది నేల చూపులు చూస్తూ "కాటాలే తప్పేమో నాన్నా" అన్నది. అబద్ధమాడడం దానికి చేతకాదు. అదొక్కటీ నా పోలిక.

జూన్ 24

డాక్టరు గారు అన్ని పరీక్షలూ చేయించి ఏమీ లేదన్నారు. మా కాటానే ఎవరికైనా చూపించుకోమని సలహా ఇచ్చారు. ఆయనకు నా వృత్తి తెలియదు.

జూలై 1

ఈ రోజు చూసినది చూసినట్టుగా రాస్తాను. అర్థం చేసుకోవడం తర్వాత సంగతి.

వీధి ఊడ్చే ఆమె ఉదయం మా గుమ్మం మెట్టు మీద చతికిలబడి ఉన్నది. ఆమె కూతురు ఆసుపత్రిలో ఉన్నదట. చీపురు కాళ్ళ దగ్గర పడి ఉన్నది, తీసుకోవడానికి కూడా వంగలేనట్టున్నది. దూది బడికి బయలుదేరింది. ఈ మధ్య అది మెట్లు గోడ పట్టుకుని దిగుతున్నది. దిగి, పక్కన కూర్చుని, ఏమీ అడగకుండా ఆమె భుజం మీద చేయి వేసింది. బట్ట మీద వాలిన దుమ్ము దులిపినంత సహజంగా వేసింది. ఓదార్పు మాట లేదు, జాలి చూపు లేదు. ఎదుటివారు సిగ్గుపడవలసిన అవసరం రాకుండా సాయపడడం పెద్దవాళ్ళకే చేతకాదు.

కాసేపటికి ఆమె లేచింది. జుట్టు ముడి వేసుకుని, చీపురు అందుకుని, పాలవాడితో పరాచికాలాడుతూ వీధి ఆ చివరిదాకా ఊడ్చుకుంటూ పోయింది.

దూది మాత్రం వెంటనే లేవలేకపోయింది. నేను కౌంటరు వెనక నుంచి చూస్తూనే ఉన్నాను. షట్టరు అంచు పట్టుకుని, ఒక మోకాలు, తర్వాత రెండో మోకాలు నిలబెట్టుకుని లేచింది. సంచీ సర్దుకుని, ఎవరూ చూడలేదనుకుని, నవ్వుకుని వెళ్ళింది. దాన్ని కన్నందుకు నా ఛాతీ ఉప్పొంగింది. అంతలోనే భయం వేసింది.

సాయంత్రం భోజనాల దగ్గర దాని కింద బల్ల విరిగింది. తల్లీకూతుళ్ళిద్దరూ కలిసి కూర్చునే బల్ల అది.

జూలై 2

బల్లకు చెదలు పట్టి ఉంటాయి.

జూలై 3

చెదలు లేవు.

జూలై 5

వదినగారు వచ్చారు. నా భార్యకు అక్క. దూది గుమ్మంలోకి వచ్చి నిలబడగానే దాని నడక చూసి ఆమె ముఖంలో రంగు మారింది. పిల్లను పైకి పంపి నా ఎదుట కూర్చున్నారు.

"మా అమ్మకి ఉండేది మరిదిగారూ. తర్వాత మీ ఆవిడకి వచ్చింది. నాకు రాలేదు. నాకు నోరొచ్చింది, అంతే."

ఏమిటి ఉండేదని అడిగాను. ఆమె చెప్పినదాని సారం ఇది. వారి ఇంటి ఆడవాళ్ళలో ఒకరికి ఈ చేయి వస్తుంది. ఎదుటి మనిషి దుఃఖం బరువును ఆ చేయి తీసుకోగలదు. మాటవరసకు కాదు, నిజంగానే తీసుకుంటుంది. తీసుకున్నది ఎక్కడికీ పోదు, తీసుకున్న మనిషి మోయాలి. వారి తల్లికి దించుకోవడం తెలియలేదు. ఆఖరికి మంచం దిగడానికి కాలు ఎత్తలేకపోయేదట, మంచం కోళ్ళు నేలలోకి దిగబడ్డాయట. నా భార్య మాత్రం దించుకునే దారి కనిపెట్టుకుంది. ఆమె పోయినది వట్టి జ్వరంతోనే, దీనితో కాదు.

బరువు పదార్థానికే గాని భావానికి ఉండదని నేను చదువుకున్న శాస్త్రాన్ని వివరించాను. ఆమె టీ తాగుతూ ఓపికగా విన్నారు.

"మీ చదువు సంగతి నాకు తెలీదు మరిదిగారూ. మీ కాటా ఏమంటోంది?"

ఎక్కువ చూపుతున్నదని చెప్పాను.

"మీ కాటా అబద్ధం చెప్తుందా?"

ఖాళీ అయిన ఆమె గ్లాసు అందుకున్నాను.

మరి నా భార్య ఎక్కడ దించుకునేదని అడిగాను. ఇంట్లోనే ఎక్కడో, అన్నారు. "నీకు చెప్తే ఊరంతా చాటేస్తావక్కా, అంది. నిజమే, చాటేదాన్నే. ఈ పిల్లకి ఎత్తుకోవడం దానంతటదే వచ్చేసింది. దించడం నేర్పకుండానే తల్లి వెళ్ళిపోయింది. ఇదీ మా అమ్మ లాగే మంచానికి అతుక్కుపోతే చూడ్డానికి నేను రాను, ముందే చెప్తున్నా." అంటూ కొంగుతో ముక్కు తుడుచుకున్నారు.

వెళ్ళేటప్పుడు నన్ను ఎగాదిగా చూసి, మీరు బాగానే ఉన్నారే అన్నారు. అవునండీ అన్నాను. ఆ మాటలో ఏదో ఉన్నది. ఏమిటో అందలేదు.

జూలై 6

ఇకపై ఎవరి మీదా చేయి వేయవద్దని దూదికి గట్టిగా చెప్పాను. "రోడ్డు మీద ఎవరైనా గొడుగు పడేసుకుంటే చూసి కూడా తీసివ్వకుండా పోతామా నాన్నా?" అన్నది. నేను నేర్పిన మర్యాదే నాకు అప్పజెప్పింది.

జూలై 7

ఆమె ఎక్కడ దించుకునేది?

జూలై 8

అమ్మాయి ఈ రోజు బడికి వెళ్ళలేదు. మెట్ల మధ్యలో ఆగిపోయింది. నేను చేయి అందిస్తే, ఆ స్థితిలో కూడా ముందు నా భుజమే తడిమింది.

ఎక్కడ దించుకునేది?

జూలై 10

తూనికల ఇన్‌స్పెక్టరు గారు ఏటా వచ్చి మా రాళ్ళు పరీక్షించి ముద్ర వేస్తారు. ఆయన వచ్చే రోజు దగ్గరపడింది. అన్నిటికంటే పెద్దది యాభై కిలోల రాయి. పేరుకు రాయి గాని ఇనుప దిమ్మ. దానితో నాకు పెళ్ళయిన నాటి నుంచీ తగవు. వాడకంలో అరిగి ఏ రాయైనా బరువు తగ్గాలి. ఇది ఏటా పెరుగుతుంది. తుప్పు అనుకున్నాను, రంగు అనుకున్నాను, గాలిలో చెమ్మ అనుకున్నాను. బరువు సరిచేయడానికి రాయి అడుగున రంధ్రంలో సీసం పోసి ఉంటుంది. మొదట్లో ఏటా కొంత సీసం తీసేవాణ్ణి. అది అయిపోయాక డ్రిల్లు పెట్టి ఇనుమునే తొలవడం మొదలుపెట్టాను. కిందటేడు ఇన్‌స్పెక్టరు గారు దాన్ని తిరగేసి చూసి, ఇది రాయా, జల్లెడా అని అడిగారు. బరువు సరిపోయింది గనుక ముద్ర మాత్రం వేశారు.

ఈ రోజు తూచితే మళ్ళీ పెరిగి ఉన్నది. అలవాటుగా దొర్లించి డ్రిల్లు చేతిలోకి తీసుకున్నాను. అడుగంతా తేనెపట్టు. ఇంత ఇనుము పోయిన దిమ్మ యాభై కిలోలు ఎలా తూగుతున్నదన్న ప్రశ్న ఇన్నేళ్ళలో నాకు ఒక్కసారైనా తట్టలేదు. నాకు బరువు సరిపోతే చాలు. ఇనుము పోయింది, బరువు ఉన్నది. మరి ఈ బరువు ఎవరిది?

డ్రిల్లు పక్కన పెట్టాను.

ఆమె సాయంత్రాలు వచ్చి కూర్చునేది ఈ రాయి మీదే. కుర్చీ ఇస్తే వద్దనేది. చెప్పులు విడిచి, కాళ్ళు చాపుకుని, అరచేయి వెనక్కి ఇనుము మీద ఆనించి, వచ్చే పోయే వాళ్ళను చూస్తూ ఉండేది. చెమట తగిలి తుప్పు పడుతుంది, లెమ్మని నేను విసుక్కునేవాణ్ణి. "పట్టనీండి, తోమడానికి మీరున్నారుగా" అనేది. లేచి వెళ్ళేటప్పుడు ఆమె అడుగులు తేలికగా పడేవి. కొలతలే బతుకుగా బతికినవాణ్ణి, ఆ తేడా మాత్రం కొలవలేదు.

వీధి వీధి అంతటినీ ఎత్తుకుని తెచ్చి ఆమె ఇక్కడ దించింది. దించినదాన్ని నేను ఏటా తొలిచి పారబోశాను. తెలియకుండానే ఇద్దరం కలిసి ఒకే పని చేశాం. ఇంతటి మనిషి పక్కన బతికాను. ఈ వాక్యాన్ని ఎలా పూర్తి చేయాలో రాత్రి బడిలో నేర్పలేదు.

జూలై 11

ఉదయం షట్టరు దించే ఉంచాను. దూదిని రాయి దగ్గరకు నడిపించుకు వచ్చి అంతా చెప్పాను. ఏం చేయాలని అడిగింది. నాకు తెలియదమ్మా, మీ అమ్మ ఊరికే కూర్చునేది అన్నాను. చెప్పులు విడిచేదని గుర్తు చేశాను. విడిచింది. కూర్చుని, అరచేయి వెనక్కి పెట్టి, వెతికి, ఒక చోట ఆపింది.

"ఇక్కడ నున్నగా ఉంది నాన్నా."

అంతకుమించి ఎవరూ దానికి ఏమీ నేర్పలేదు. కళ్ళు మూసుకున్నది. చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత దాని మెడ నరాలు సడలడం చూశాను, వంగిన వీపు నిటారు కావడం చూశాను. నీళ్ళ బిందె దించుకున్నట్టు పొడుగాటి ఊపిరి విడిచింది. తల్లికి ఎన్నేళ్ళు పట్టిందో తెలియదు గాని, పిల్లకు ఒక్క పూటలో పట్టుబడింది. ఏ పని అయినా చేతికి అలా అమరడం చూడడమే ఒక భాగ్యం.

తూచాను. రాయి పెరిగింది. దూది తగ్గింది. కాని దాని అసలు బరువుకు రాలేదు. ముల్లు ఇంకా చాలా ముందే ఉన్నది.

ఇంకేదో ఉంది, దించలేదేం, అన్నాను. అది చెప్పుల్లో కాళ్ళు పెట్టుకోబోయింది. ఎవరిదమ్మా అది, అని మళ్ళీ అడిగాను.

"మీది నాన్నా."

నాకేముందని నవ్వబోయాను. నేను బాగానే ఉన్నాను గదా.

"మొదటి వారం మీరు షట్టరు ఎత్తలేకపోయారు. అమ్మ చెప్పులు రెండూ ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూర్చున్నారు. అన్నం పెడితే, మీ అమ్మ రానీ అన్నారు. మీకు గుర్తుండదు. నేను తీసేసుకున్నా కదా. ఒకేసారి రాలేదు, పెద్దది. రోజూ కొంచెం కొంచెం."

నా దృఢత్వం అంటే ఇదన్నమాట. జూన్ 12న నేను రాసుకున్నది ఇప్పుడే చదివాను. కొట్టివేయదలచుకోలేదు. ఉండనీ.

దూది వెంటనే అరచేయి రాయి వైపు చాపి, ఇదీ ఇందులో దించేస్తానన్నది. నేను దాని మణికట్టు పట్టుకున్నాను.

"వద్దు తల్లీ. రాతిలో వేస్తే రేపు నేనే తొలిచి చెత్తలో పోస్తాను. మీ అమ్మని నా చేత తొలిపిస్తావా? అది నాది. నాకిచ్చెయ్యి."

"మీరు మోయలేరు నాన్నా."

"ఈ దిమ్మని రోజూ ఎత్తి దించేది ఎవరనుకున్నావు?"

అది నా ముఖంలోకి చాలాసేపు చూసింది. గిరాకీ తెచ్చిన కాటాను నేను చూసే చూపు అది, ఇది ఎంత ఆపుతుంది అని. తర్వాత భుజం మీద చేయి వేసింది.

తేదీ చూడలేదు

కొట్టు తెరవలేదు. దువ్వెనలో ఆమె వెంట్రుకలు ఉన్నాయి.

తుప్పు పడుతుంది లెమ్మన్నాను. అనకుండా ఉండవలసింది. పట్టనీండి అన్నది. మీరున్నారుగా అన్నది.

తేదీ చూడలేదు

దూది అన్నం కలిపి ముద్దలు పెట్టింది. తిన్నాను. ఈసారి చేయి వేయలేదు, పక్కన కూర్చున్నది. వేయాలని దాని వేళ్ళు కదలడం చూశాను. చేతులు ఒడిలో కట్టుకుని కూర్చున్నది. ఎత్తుకోవడం కంటే అది కష్టమైన విద్య.

ఏడ్చాను. వదినగారికి తెలిస్తే వీధంతా తెలుస్తుంది. తెలియనీ.

జూలై 21

షట్టరు ఎత్తాను. రెండుసార్లు ఆగి ఎత్తాను.

ఇన్‌స్పెక్టరు గారు వచ్చి యాభై కిలోల రాయిని తూచి, తిరగేసి, వేలితో తట్టి, ఇక తొలవడానికి చోటు లేదండీ, ముద్ర వేయలేను, కొత్తది తెచ్చుకోండి అన్నారు. తూకానికి ఇది పనికిరాదని రాసి ఇచ్చారు. కూర్చోవడానికి పనికి వస్తుందండీ అన్నాను. నన్ను వింతగా చూశారు. రాయిని గుమ్మం పక్కన, వీధి బాగా కనబడే చోట పెట్టించాను. దాని బరువు ఇక ఎంత పెరిగినా ఎవరికీ జవాబు చెప్పనక్కరలేదు. వీధి ఊడ్చే ఆమె కూతురు ఇంటికి వచ్చిందట. దూది ఇప్పుడు మెట్లు రెండేసి దిగుతున్నది.

సాయంత్రం షావుకారు తన రెండో కాటా మరమ్మతుకు తెచ్చాడు. అతడు మళ్ళీ నా గుమ్మం ఎక్కుతాడనుకోలేదు. పని అయ్యేదాకా దగ్గరే నిలబడ్డాడు. "ఈసారి రాళ్ళు కూడా పెట్టండి బియ్యే గారూ, మీ అమ్మాయి ఒక్కతే చాలదు" అన్నాడు. పెట్టాను. అన్నిటికీ సరిగ్గా చూపింది. అప్పుడు పద్ధతి ప్రకారం దూదిని పిలిచాను.

ముల్లు దాని పాత బరువు దగ్గరకు వచ్చి, ఆగకుండా, కొద్దిగా దాటి నిలిచింది. దానికి కనబడింది, నాకూ కనబడింది. నా చేయి స్క్రూ డ్రైవరు మీదకు పోయింది.

"అది నాదే నాన్నా" అన్నది మెల్లగా. "అమ్మది. ఇప్పుడే దించను."

ఏమైనా తేడా ఉందా అని షావుకారు తొంగి చూశాడు.

లేదండీ, కాటా సరిగ్గానే ఉన్నది అని చెప్పి, స్క్రూ డ్రైవరును సొరుగులో పెట్టాను.